ఆరలేదు, బరువు మోపవద్దు

కర్మాగారం డాక్టరు గారికి,

తుప్పు విభాగం కార్మిక సంఘం కార్యదర్శి మర్యాద కోసం నమస్కరించి, కోపంతో రాస్తున్న ఉత్తరం.

ఇవాళ్టి నుంచి సాయంత్రం టీ విరామం రద్దనీ, ఆ సమయంలో అందరూ వ్యాయామం చేయాలనీ, ఇది మీ సలహాయేననీ మేనేజరు గారు బోర్డు మీద అంటించారు. అయ్యా, మా విభాగంలో ఏం చేస్తారో మీకు తెలుసా? వంతెనల నుంచి విప్పుకొచ్చిన ఇనప దూలాల తుప్పును పొద్దున్నుంచీ వైరు బ్రష్షుతో గీకుతారు. తర్వాత మళ్లీ తుప్పు పట్టకుండా నిచ్చెనెక్కి ఎర్ర ప్రైమరు పూస్తారు. అలాంటి వాళ్లని చేతులు పైకెత్తి దించమంటారా? మా చేతులు అసలు ఎప్పుడు దిగాయి గనక, మళ్లీ ఎత్తడానికి? కుర్చీలో కూర్చునేవాడి రోగానికి నిలబడేవాళ్లకి మందు వేయడం ఏ వైద్యం? మా విరామం మాకు కావాలి. జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇట్లు,
ఏమాత్రం విధేయురాలు కాని
కార్యదర్శి

తా.క. ఒరేయ్ తమ్ముడూ, ఆఫీసు ఉత్తరం కాబట్టి పైన ‘మీరు’ అన్నాను, పొంగిపోకు. చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పింది నేనే. అప్పుడు దాన్ని ఎవరూ వ్యాయామం అనలేదు. ఆడపిల్ల పని అన్నారు.

* * *

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

మీ ఆవేశం అందింది. వ్యాయామం మంచిదని నేను చెప్పిన మాట నిజం. టీ మానిపించమని మాత్రం చెప్పలేదు.

శాస్త్రం ఇది. కష్టపడ్డప్పుడు ఒంట్లో ఆక్సిజన్ ఎక్కువ ఖర్చవుతుంది. అప్పుడు కొన్ని దుడుకు అణువులు పుట్టి కణాలను గిల్లుతాయి. దీన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. మోతాదులో ఉంటే భయం లేదు. ఆ గిల్లుడు చూసి ఒళ్లు మేల్కొని తన రక్షణ తానే పెంచుకుంటుంది. మీ వాళ్లకి తెలిసిన భాషలో చెప్పాలంటే, వ్యాయామం లోపల కాస్త తుప్పు పట్టిస్తుంది, ఆపైన ఒళ్లు తనంతట తానే ప్రైమరు వేసుకుంటుంది. అంతే.

ఇట్లు,
మీ ఆరోగ్యాభిలాషి
డాక్టరు

తా.క. అక్కా, ఆఫీసు ఉత్తరాల అడుగున నా చిన్నతనం రాయకు. వీటిని నాకంటే ముందు మేనేజరు గారి టైపిస్టు చదువుతుంది. నిన్న నన్ను చూసి, పిల్లాణ్ణి చంకనేసుకున్నట్టు నటించి నవ్వింది.

* * *

తుప్పు పట్టించే డాక్టరు గారికి,

మీ ఉత్తరాన్ని బల్లెక్కి పైకి చదివాను. షెడ్డు దద్దరిల్లింది. కార్మికుల ఒంట్లో యాజమాన్యం తుప్పు పట్టిస్తోందని మీరే సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నారు!

ఇక మా ప్రశ్నలు. ప్రైమరు వేసేముందు తుప్పు గీకింది ఎవరు? గీకకుండా పూత వేయడం మా విభాగంలో క్షమించరాని నేరం. ఆ పని చేసినవాడితో మా మేస్త్రీ మాట్లాడడు, వాడి పెళ్లికి కూడా వెళ్లడు. లోపలి తుప్పు గీకడానికి మేం బ్రష్షు మింగాలా? సన్నరకం బ్రష్షు మీరిస్తారా, మేమే తెచ్చుకోవాలా? పూత వేశాక ఆరడానికి ఎంతసేపు వదలాలి? ఇవేవీ చెప్పకుండా ‘అంతే’ అని రాయడానికి మీకు కలం ఎలా ఆడింది?

ఇట్లు,
లోలోపల తుప్పు పడుతున్న
కార్యదర్శి

తా.క. టైపిస్టమ్మా, ముందు నువ్వే చదువుతున్నావటగా. నడుం నొప్పి ఎలా ఉంది? నీకూ విరామం లేదు. సంఘంలో చేరు.

* * *

కార్యదర్శి గారికి, అత్యవసరంగా,

దయచేసి ఎవరూ ఏమీ మింగవద్దు! పొద్దున మీ మేస్త్రీ వచ్చి నోరు తెరిచి, “లోపల తుప్పు మచ్చలు ఎక్కడిదాకా పాకాయో టార్చి వేసి చూడండి సారూ” అని కూర్చున్నాడు. గొంతు బాగానే ఉందంటే నమ్మడు. “పైపైన చూసి చెప్పకండి, సుత్తితో కొట్టి చూడండి” అంటాడు.

గీకుడు అక్కర్లేదు. పాడైనదాన్ని ఒళ్లే చాలావరకు బాగుచేసుకుంటుంది. అయితే ఒక్కమాట నిజం. ఆ మరమ్మతుకీ, రక్షణ గట్టిపడ్డానికీ విశ్రాంతి కావాలి. అలసట మీద అలసట పెడుతూ పోతే మేలు పోయి హాని మిగులుతుంది. ఒకరకంగా, పూతను ఆరనివ్వాలి.

ఇట్లు,
డాక్టరు

తా.క. అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఆ చివరి వాక్యం బోర్డు మీద రాయకు.

* * *

పూత పరీక్షకులైన డాక్టరు గారికి,

బోర్డు మీద రాశాను. పెద్దక్షరాలతో.

నిన్న వ్యాయామం అవగానే మా వాళ్లంతా షెడ్డు నేలమీద వరసగా పడుకున్నారు. కొత్తగా పూసిన దూలానికి వేలాడదీసే చీటీ ఉంటుంది కదా, ‘ఆరలేదు, బరువు మోపవద్దు’ అని, అది తలా ఒకటి మెడలో వేసుకున్నారు. మేనేజరు పరిగెత్తుకొచ్చి అరిచారు. నిచ్చెన పట్టుకునే పెద్దావిడ కళ్లు తెరవకుండానే, “మెల్లిగా బాబూ, దుమ్ము రేగితే పూత పాడవుతుంది” అంది.

ఇందులో నవ్వడానికేం లేదు. అలిసిపోయానని మనిషి చెబితే బద్ధకం అంటారు. ఆరలేదని చీటీ చెబితే క్రేను కూడా ఆగుతుంది. దూలానికిచ్చే మర్యాద మనిషికి దక్కాలంటే మనిషి దూలంలా పడుకోవాల్సిన కాలం ఇది. సిగ్గు ఎవరికో మీరే తేల్చండి.

మరొక నియమం. పూత ఉందని ధ్రువీకరించినవారే వచ్చి, బొటనవేలు ఆనించి, అంటకపోతేనే చీటీ తీయాలి. ధ్రువీకరించింది మీరు. రేపు మళ్లీ పడుకుంటాం. వచ్చి ఒక్కొక్కరి నుదురూ నొక్కి చూడండి. చెమట తగిలితే పచ్చి. మేనేజరు మొండికేస్తే, మా విరామం రాతలో వచ్చేదాకా అసలు లేవం.

ఇట్లు,
పచ్చిగా ఉన్న
కార్యదర్శి

తా.క. వచ్చేముందు వేలు కడుక్కో. నువ్వు చిన్నప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకునేవాడివో ఇక్కడ రాయను. టైపిస్టమ్మ విడిగా అడిగితే చెబుతాను.

* * *

అక్కకి,

నువ్వు వంతెన తనిఖీకి వెళ్లిన ఈ పూట జరిగింది రాస్తున్నాను. ఆఫీసు మర్యాదలు రాసే ఓపిక లేదు.

“వీళ్ల ఆట నేను కట్టిస్తా. నేనూ వ్యాయామం చేసి, నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చుంటా, చూడండి” అంటూ మేనేజరు కోటు విప్పి నీ వాళ్ల ముందు నిలబడ్డారు. చేతులెత్తారు. దించారు. మళ్లీ ఎత్తారు, ఈసారి దించడానికి మనిషి సాయం కావాల్సి వచ్చింది. మీ మేస్త్రీ ఆయన్ని దూలాన్ని దించినంత జాగ్రత్తగా నేలమీద పడుకోబెట్టి, మెడలో చీటీ వేశాడు. ఆయన తిట్టబోయారు. తిట్టు సగంలో ఉండగానే నిద్రపోయారు. గురక కూడా పెట్టారు.

మెలకువ వచ్చాక నేను ఆయన నుదుటి మీద వేలు పెట్టాను. ఎండిన కాగితంలా ఉంది. ఆయన నా మణికట్టు పట్టుకుని, చుట్టూ చూసి, గుసగుసగా, “డాక్టరు గారూ, ఇంకా పచ్చిగానే ఉన్నానని రాయండి. పై ఆఫీసు వాళ్లు నన్ను అన్నం ముందు కూడా కూర్చోనివ్వరు. ఫోన్లో మాట్లాడుతూనే తింటాను” అన్నారు.

ఉత్తర్వు అక్కడే పడుకుని చెప్పారు. టీ విరామం తిరిగొచ్చింది. వ్యాయామం ఇకనుంచి కుర్చీల్లో కూర్చునేవాళ్లకే, అదీ పని వేళల్లోనే, ఆపైన ఆరనిచ్చి. టైపిస్టు పక్కనే పడుకుని రాసుకుంది. నువ్వు గెలిచావు.

కానీ మేనేజరు లేవడం లేదు. పై ఆఫీసుతో తన విరామం కోసం కొట్లాడేవాళ్లు ఎవరూ లేరట. సంఘంలో సభ్యత్వం ఇస్తారా అని అడుగుతున్నారు. యాజమాన్యం మీద ఆయన చెప్పుకున్న ఫిర్యాదులు నీ ఉత్తరాలకంటే ఘాటుగా ఉన్నాయి.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఆయన్ని లేపడానికి వంగి, నేనూ కాస్త నడుం వాల్చాను. మీ మేస్త్రీ నా మెడలోనూ చీటీ వేశాడు. నా పూతని ధ్రువీకరించేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నువ్వే వచ్చి వేలు ఆనించాలి. తొందరేం లేదక్కా, మెల్లిగా రా.