అత్తరు పూసుకున్న శుక్రవారం

షాహీన్ అక్కకు ముంబై నుంచి తమ్ముడు యాకూబ్ సలాం.

నువ్వూ బావా ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను, నిజంగానే బాగున్నాను. ఫోన్‌లో చెబితే ఆటపట్టిస్తున్నానని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. ఇక్కడ వాన ఆగదు, చొక్కాలు ఆరవు. పప్పులో చక్కెర వేస్తారు. నీ ఉప్పు బిర్యానీ కూడా గుర్తొస్తోందంటే చూసుకో.

పని తేలికే. ల్యాబులో దుమ్ము సోకకూడని గది ఒకటుంది. లోపలికి పోయేవాళ్లకు తల నుంచి కాలి దాకా తెల్ల బట్టలు తొడిగి పంపడం నా పని. పొట్టి సార్లకు పొడుగువి ఇచ్చి జర నవ్వుకుంటాను. లోపల గోరంత సిలికాన్ బిళ్ళలను వరసగా ఒకదాని మీద ఒకటి బిగించారు. ఒంట్లో కరెంటున్న రేణువులు, కంటికి కనిపించనివి, ఆకాశం నుంచి రాలుతుంటాయట. ఒక్కోటి ఎక్కడ దూరిందో, ఏ క్షణాన దూరిందో ప్రతి బిళ్ళా పట్టేస్తుంది. ఆ బిళ్ళల పనంతా చూసే మా మేడం డోర్నకల్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల.

"ఏ స్టేషన్ ఎప్పుడు దాటిందో తెలిస్తే రైలు ఎటు పోతాందో తెల్వదా భాయ్? గంతే," అంది.

చేరినప్పటి నుంచి నేను ఆ గది అద్దం బయటే. మొన్న శుక్రవారం బిళ్ళలను మొదటిసారి ఆన్ చేస్తూ నన్నూ లోపలికి రమ్మంది. ఆ సంబరంలో నమాజు చేసుకుని, నువ్విచ్చిన అత్తరు దట్టంగా పూసుకుని, సుర్మా పెట్టుకుని పెళ్లికొడుకులా వచ్చాను.

మేడం తలుపు దగ్గరే ఆపింది. "ఏంది భాయ్, అత్తరా? సెంటు పూసుకొచ్చినోళ్లను రోజు ఆపేటోనివి నువ్వే గదా."

"కడుక్కొస్త మేడం."

"కడిగితే పోతదా? ఇయ్యాల వద్దు. బిళ్ళలు ఖరాబైతయ్."

ఎంత రుద్దినా పోలేదు. నువ్వు అసలు సరుకే కొన్నావు. మళ్లీ అద్దం బయటే నిలబడ్డాను. కాసేపటికి లోపల తెర మీద పైనుంచి కిందికి సన్నటి గీత పడింది. మేడం బయటికొచ్చింది.

"చూసినవా భాయ్? ఆ గీత రేణువు పోయిన తొవ్వ. స్లాబు దాటొచ్చింది. నీ ఒంట్లకెల్లి, నా ఒంట్లకెల్లి సుత పోతయ్."

"దాన్ని తలుపు కాడ ఎవ్వరు ఆపలే గద మేడం."

నవ్వు ఆపుకోలేకపోయింది. "సోమవారం రా. అత్తరు లేకుంట."

అందుకని అక్కా, పార్సిల్‌లో మామిడికాయ తొక్కు పెట్టు, అత్తరు మాత్రం వద్దు. సోమవారం కోసం దువా చెయ్యి. బావకూ, ఎదురు కిరాణం సోమన్న సేటుకూ నా సలాం. మట్టెవాడలో మన ఇంటి మీదా అవి రాలుతూనే ఉన్నాయి. ఈ కాగితం పట్టుకున్న నీ చేతిలోంచి ఇప్పుడే ఒకటి పోయి ఉంటుంది. ఫికర్ చేయకు, నొప్పి పుట్టదు. ఈసారి ఆటపట్టించడం లేదు.

సోమవారం లోపలికి పోబోయే నీ తమ్ముడు,
యాకూబ్