ఎడమ పెడల్ బోల్టు

ఏప్రిల్ 6, ఆదివారం

బాల్కనీలో టార్పాలిన్ తీశాం. కింద ఏడాదిన్నరగా మగ్గుతున్న మా ఆవిడ మౌంటెన్ బైక్. చెయిన్ తుప్పు పట్టింది, సీటు చిరిగింది, ఎడమ పెడల్ ఆ రోజు పడినప్పుడు ఎలా వంగిందో అలాగే ఉంది. దాన్ని చూసి తను నవ్వింది. నేను టార్పాలిన్ మళ్ళీ కప్పబోయాను.

కొండదారిలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. లోపల స్టీల్ ప్లేట్ ఉంది. సైకిల్ తొక్కొచ్చు గానీ పానా పట్టి బలం పెట్టొద్దన్నాడు డాక్టర్. కాబట్టి రిపేరు నా నెత్తిన పడింది. కళ్ళద్దాల షాపులో అగ్గిపుల్లంత స్క్రూడ్రైవర్‌తో బతికేవాడి చేతికి మూరెడు పానా ఇచ్చింది. పాత పెడల్స్ ఊడదీసి కొత్తవి వేస్తే చాలట, చెయినూ సీటూ తను మార్చుకుని వచ్చే ఆదివారం కొండకెళ్తుందట.

కుడివైపుది బుద్ధిగా వచ్చేసింది. ఎడమదాని బోల్టు బిగుసుకుపోయింది. అదే వైపు తిప్పాను, గడియారం ముల్లుకి ఎదురుగా. నా మొహం కందిపోయిందే గానీ బోల్టుకి చీమ కుట్టినట్టయినా లేదు. తను గడపలో కూర్చుని కాసేపు చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళిపోయింది.

ఏప్రిల్ 7

నూనె పోశాను. కదల్లేదు.

ఏప్రిల్ 8

షాపులో ఉండగా తెలియని నంబర్ నుంచి ఫోన్. చేతిలో ఉన్న లెన్స్ జారి పగిలింది. ఫోన్ చేసింది ఏదో లోన్ కంపెనీ.

ఆ రోజు కూడా ఇలాగే మోగింది. మీ ఆవిడ కొండ మీద పడిపోయిందండీ అన్నాడు ఎవరో, అని ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ ఆగిన కాస్తలోనే ఆమెని పోగొట్టుకున్నాను. స్పృహలోనే ఉందన్నాక మళ్ళీ దొరికింది.

సాయంత్రం బోల్టుకి వేడినీళ్ళ గుడ్డ చుట్టి, సుత్తితో కొట్టి, మళ్ళీ తిప్పాను. కదల్లేదు. అమ్మయ్య అనుకున్నాను. అనుకున్నాక భయమేసింది.

ఏప్రిల్ 9

అత్తగారి ఫోన్. ఏదో ఒకటి చేసి ఆపు బాబూ, నువ్వు చెప్తే వింటుంది అన్నారు. పెళ్ళైనప్పటినుంచీ నేను చెప్తే విన్న విషయం ఒక్కటి చెప్పండి అత్తయ్యా అన్నాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి ఫోన్ పెట్టేశారు.

ఏప్రిల్ 10

లంచ్ టైమ్‌లో సైకిల్ షాపు పెద్దాయనకి ఫోన్ చేశాను. బోల్టు ఎలా విప్పాలని అడగలేదు. లోపల బోల్టు దిగే మర పాడైతే ఏమవుతుందని అడిగాను. అంత పని చెయ్యకండి సార్, ఆ పాత మోడల్‌కి పార్టులు దొరకవు, ఇక బండి పాత ఇనుముకే అన్నాడు.

థ్యాంక్స్ చెప్పాను. నా గొంతులో అంత సంతోషం ఎందుకో పాపం ఆయనకి అర్థమై ఉండదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

రాసుకోడానికి కూడా సిగ్గేస్తోంది.

రేపు బండిని సైకిల్ షాపుకి తీసుకెళ్ళిపోతానంది పొద్దున. అక్కడ చిటికెలో విప్పేస్తారు. అందుకని తను ఆఫీసు నుంచి రాకముందే బాల్కనీలో కూర్చున్నాను. ఇన్నాళ్ళూ తిప్పిన వైపు కాకుండా రెండో వైపుకి పానా తిప్పాను. విప్పడానికి కాదు, బిగించడానికి. మర అరిగి నాశనమయ్యేదాకా బిగిద్దామని. చేతులు చాలక కాలు పెట్టి తొక్కాను.

టప్‌మంది.

విరిగిందనుకున్నాను. కాదు, తిరిగింది. ఇంకా తిప్పితే ఇంకా తిరిగింది. కాసేపటికి పెడల్ మొత్తం ఊడి నా ఒళ్ళో పడింది. తల ఎత్తితే తను ఎదురుగా ఉంది, భుజాన బ్యాగ్‌తో. ఎడమవైపు మర ఉల్టా ఉంటుందని, బిగించే వైపు తిప్పితేనే ఊడుతుందని నీకెవరు చెప్పారు అంది. ఎవరూ చెప్పలేదన్నాను. తన మొహం అదోలా అయిపోయింది. సంతోషమేమో అనుకున్నాను.

ఏప్రిల్ 12, శనివారం

కొత్త పెడల్స్ వేశాను. ఎడమది ఉల్టాగానే. బిగిసిందో లేదోనని పదే పదే లేచి వెళ్ళి చూస్తుంటే తను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తనకి మొదట్నుంచీ తెలుసట. ఆదివారం నేను తప్పు వైపు తిప్పడం చూసిందట. నోటిదాకా వచ్చి ఆగిపోయిందట. డాక్టర్‌కీ, ఆఫీసులో అందరికీ, అమ్మకీ వెళ్తానని గొప్పగా చెప్పేశాక భయమేస్తోందని ఎవరితో అనాలి అంది. బోల్టు రాకపోతే పరువు దక్కుతుంది కదా, అందుకే ఏమీ తెలియని నీకిచ్చాను అంది.

నేనూ నా బాగోతం చెప్పేశాను. నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం, కళ్ళనీళ్ళు వచ్చేదాకా.

నవ్వు ఆగాక, నువ్వు ఒక్కసారి వద్దను, మానేస్తాను అంది.

వారమంతా నాలుక చివరే ఉన్న మాట. కానీ నేను వద్దంటే, మొగుడు వద్దన్నాడు అని అందరికీ చెప్పుకుంటుంది, ఆ భయాన్ని జన్మంతా నా వెనక దాచుకుంటుంది. వెళ్ళాలనుందా అని అడిగాను. భయంగా ఉంది అంది. అది అడగలేదన్నాను. తను లేచి, అటక మీది హెల్మెట్ అందుకోమంది.

ఏప్రిల్ 13, ఆదివారం, ఉదయం 7.20

కొండ కింద రాయి మీద కూర్చున్నాను. తను పైకెళ్ళి చాలాసేపైంది. మలుపు దాటాక ఏమీ కనబడదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాను. మోగకూడదు. ఎడమది సరిగ్గానే బిగించాను. నాకు తెలుసు, సరిగ్గానే బిగించాను. అయినా బిగించింది నేనే కదా.

7.50

వచ్చింది. ఒళ్ళంతా దుమ్ము. మళ్ళీ పైకెళ్తానంది. నాకు భయంగా ఉందన్నాను. నాకూ అంది.

వెళ్ళింది.