నెలకు అంగుళం

బజారు మలుపులో బట్టలు కుట్టే నేను, కత్తెర మాస్టరు అనబడువాడిని, వయసు యాభై రెండు, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా. స్వహస్తంతో అన్న మాట ఊరికే రాయలేదు. రెండేళ్ల కిందట విషజ్వరంతో ఐసీయూలో నలభై రోజులు పడున్నాను. ప్రాణం మిగిలింది గానీ కాళ్లూ చేతులూ తడిబట్టల్లా వేలాడాయి. నరాలు దెబ్బతిన్నాయి, నెలకు అంగుళం చొప్పున కోలుకుంటాయి అన్నాడు డాక్టరు. నడుము నుంచి కాలి బొటనవేలి దాకా టేపుతో కొలిపించాను. ముప్పైతొమ్మిది అంగుళాలు, అంటే అన్ని నెలలు. అలవాటుకొద్దీ మడతకి రెండు కలిపాను. నాలుక్కి నరం లేదు కాబట్టి అది మొదటిరోజు నుంచే పనిచేసింది.

1. ఇల్లు నా భార్యకు. ఏడాదిపాటు నా చొక్కా గుండీలు తనే పెట్టింది, పెట్టిన ప్రతిసారీ ఏడ్చింది. ఆ ఏడుపుతో నా వేలొక్కటీ కదల్లేదు. అయినా ఏడవడానికి మనిషికి నాలుగు గదులుండాలి.

2. బామ్మర్దికి ఒక సూది. అతని పెళ్లిలో సామాన్లు మొయ్యాల్సి వస్తుందని నేను మూడురోజులు దొంగకుంటుడు కుంటిన మాట నిజమే. అది మనసులో పెట్టుకుని, నేను ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి, "బావ వేషాలు నాకు తెలీవా?" అంటూ నలుగురి ముందూ నా కాలి చిటికెనవేలి కింద సూది దింపాడు. నేను కదల్లేదు. "చూశారా, ఎలా బిగబట్టాడో!" అని నవ్వి, సూది తియ్యకుండానే పోయాడు. నాకు తెలిస్తేగా! చీముపట్టి వేలు తీసేశారు. ఇప్పుడేమో నాకు మతి చెడిందనీ, సంతకం కూడా చెయ్యలేననీ, షాపు తనకే వస్తుందనీ బజారంతా చాటుతున్నాడు.

3. షాపు, రెండు మిషన్లు, కత్తెరలు మా దగ్గర కాజాలు కుట్టే ఆవిడకు. రోజూ వచ్చి, నా భార్య పెట్టిన గుండీలన్నీ ఊడదీసి, "మళ్లీ పెట్టుకోండి మాస్టారూ, ఎక్కడికో ఊరేగాలా ఏంటి మీరు?" అనేది. మొదటి గుండీకి పంతొమ్మిది రోజులు పట్టింది. నేను ఏడిస్తే, "ఇంకా ఆరున్నాయి" అంది. ఒక్కసారీ జాలిపడలేదు. ఆమెను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మండుతున్నట్టు తెలియడం కూడా ఆమె చలవే.

4. రెండో సాక్షిగా బామ్మర్దినే పిలిపించాను. "షాపు రాసేశానురా" అని మాత్రమే చెప్పాను. ఎవరికని అడగలేదు. చదివే ఓపిక అతనికి ఎన్నడూ లేదు. నా పేరు పూర్తయ్యేదాకా ఎదురుగా కూర్చుని, ఒక్కో అక్షరం చూడాల్సిందే.

ఆగస్టు పద్నాలుగు, గురువారం, ఉదయం పదకొండు గంటలు.

సంతకం: కత్తెర మాస్టరు

సాక్షులు:
1. నరాల డాక్టరు. మతి స్థిమితంగా ఉంది.
2. బామ్మర్ది. మా బావ తన చేత్తోనే సంతకం చేశాడు. నేను కళ్లారా చూశాను.