గొర్రె గొంతులో బియ్యపు గింజలు

చల్లపల్లి పక్క పల్లె,
ఆగస్టు 1998

బందరు పశువ్యాధుల పరీక్షా కేంద్రం డాక్టరు రెబెకా గారికి,

‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టలేను. మీ కుశలం నాకు తెలియదు, మా ఊళ్లో అది లేదు. జ్ఞానమ్మ అనే ఒంటరి ఆడమనిషి కాలవ గట్టున ఆదివారాలు వేటమాంసం అమ్ముకుని బతుకుతోంది. పోయిన వారం ఆమె కోసిన గొర్రె గొంతుగొట్టం మీద బియ్యపు గింజల్లాంటివి కనిపించాయట. అంతే! ప్రెసిడెంటు పిచ్చేశ్వరరావు ‘పురుగుల మాంసం’ అని దండోరా వేయించి కొట్టు మూయించాడు. అదే గింజ తన బావమరిది కొట్లో కనిపిస్తే కొవ్వు అనేవాడు. ఇది పురుగు కాదండీ, కులం! సైన్సుకి కులం లేదు కాబట్టి (ఉందంటారా? అదీ వాదిద్దాం, ఇప్పుడు కాదు) ఆ ముక్కని హార్లిక్సు సీసాలో పంపుతున్నాను. మైక్రోస్కోపులో చూసి ‘పురుగు లేదు’ అని సర్టిఫికెట్టు ఇవ్వండి. ఆమె పొయ్యి మళ్లీ వెలగడం మీ చేతిలో ఉంది.

ఇట్లు, న్యాయం పక్షాన,
సాంబశివరావు

తా.క.: పిల్లి ఎదురైతే అరిష్టమనే మూఢనమ్మకం మీద యుద్ధంగా నేను డజను పిల్లుల్ని పెంచుతున్నాను. పిచ్చేశ్వరరావు ఎటు బయల్దేరినా ఒకటి ఎదురుపడేలా ఏర్పాటు. ఊరి గొర్రెల మందకి పీడ పట్టింది వాటివల్లేనని అతగాడి తాజా సిద్ధాంతం. మీరు నవ్వుకుంటారని రాశాను.

*

సాంబశివరావు గారికి నమస్కారాలు.

మీ సీసా చేరిందండీ. మూత తీయగానే మా గదంతా వంటిల్లయింది. ముక్కకి ఉప్పూ పసుపూ దట్టించి, ఎండలో బస్సు టాపు మీద పంపారు. మైక్రోస్కోపులో లోకమంతా పచ్చగా కనిపించింది, చూడాల్సింది మాత్రం కనిపించలేదు. దయచేసి అదే మందలోని గొర్రెది మరో గొంతుగొట్టం, ఏమీ రాయకుండా, కడగకుండా, ఐసులో పెట్టి పంపండి. గింజని రెండు గాజుపలకల మధ్య నొక్కి చూస్తేగాని అది కొవ్వో, పురుగో, మరొకటో తేలదు. మేమిచ్చేది సర్టిఫికెట్టు కాదు, రిపోర్టు. కనిపించిందే రాస్తాం.

మర్యాదలతో,
రెబెకా

తా.క.: అల్లం కూడా తగిలిస్తే బాగుండేదని మా అటెండరు కృపానందం గారి అభిప్రాయం.

*

డాక్టరు గారికి,

మీ ఉత్తరం చదివి ముందు బాధపడ్డాను, తరవాత కోపం వచ్చింది. బాధ పోయింది, కోపం ఉంది. ఆ పసుపు రాసింది జ్ఞానమ్మే. “పెద్ద డాక్టరమ్మ చేత్తో పట్టుకునేది నీసు ముక్కా? జ్ఞానమ్మకి శుభ్రం తెలీదని బందరంతా అనుకోదూ?” అంది. పేదవాళ్ల శుభ్రత మీ సైన్సుకి పనికిరాదన్నమాట! కడగని ముక్క కావాలా మీకు? పైగా సర్టిఫికెట్టు ఇవ్వనంటున్నారు. సూటిగా అడుగుతున్నాను: పిచ్చేశ్వరరావు మీకు బంధువా?

అయినా సత్యం కోసం తలవంచాను. అదే మందలో గొర్రెని మా దొడ్లో కోయించి, గొంతుగొట్టాన్ని రొయ్యల చెరువుల వాళ్ల థర్మాకోల్ పెట్టెలో ఐసు పోసి పంపుతున్నాను. కడగకుండా జ్ఞానమ్మని ఆపడానికి నేనూ మా ఆవిడ సత్యవతీ చెరో చెయ్యీ పట్టుకోవాల్సొచ్చింది.

ఇట్లు, వాదన వదలని,
సాంబశివరావు

తా.క.: ఐసు కరిగేలోపు చూడండి. గవర్నమెంటు ఫైలులా నానబెట్టకండి.

*

సాంబశివరావు గారికి,

పిచ్చేశ్వరరావు గారు నాకు బంధువు కారు. మా నాన్నగారు గూడూరు దగ్గర పాస్టరు. మా చుట్టాల్లో ప్రెసిడెంట్లు ఎవరూ లేరు.

ఈసారి ముక్క బ్రహ్మాండంగా ఉంది. ఒక్క గింజ నలిపి చూస్తే చిన్న చిన్న అరటిపళ్ల ఆకారాలు వేలకొద్దీ! గెలలు గెలలుగా ఉన్నాయనుకోండి. అది గొర్రె కండలో గూడు కట్టుకునే పరాన్నజీవి. కంటికి కనిపించే పురుగు కాదు, కొవ్వూ కాదు. మనుషులకి అంటుకోదు. గింజలున్న భాగం తీసేసి అమ్ముకోవచ్చు, కొట్టు మూయాల్సిన పని లేదు. ఆ మాట రిపోర్టులో స్పష్టంగా రాశాను.

అయితే దీని బతుకు సగమే గొర్రెలో. పచ్చి గొంతుగొట్టం తిన్న మరో జంతువులో మిగతా సగం. ఆ జంతువు మలం పడ్డ గడ్డి మేస్తే మళ్లీ గొర్రెకి వస్తుంది. ఉడకబెట్టి పెడితే ఈ చక్రం ఆగిపోతుంది. మీ ఊళ్లో పచ్చి మాంసపు తుక్కు ఎవరింటికి చేరుతోందో కనుక్కోండి. జంతువు పేరు నేనే రాస్తే మీరు నాతో వాదనకి దిగుతారని భయం.

రెబెకా

తా.క.: ఈసారి అల్లం ప్రస్తావన రాలేదు. కృపానందం గారు మైక్రోస్కోపులోకి చూశాక మధ్యాహ్నం భోజనం మానేశారు.

*

డాక్టరమ్మా,

క్షమించండి, మీరు మా పక్షమే! రిపోర్టు పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాను. ‘మందకి రోగం ఉందిగా, అది తేలేదాకా తాళం తియ్యను’ అంటాడు పిచ్చేశ్వరరావు. జంతువు పేరు రాయలేదేం? నాకు తెలుసు లెండి. అతగాడింట్లో రెండు సీమకుక్కలున్నాయి. మీరు గవర్నమెంటు ఉద్యోగి కాబట్టి సూచనగా రాశారు.

నిన్న ఊరంతటినీ పిలిచి తీర్మానం చేయించాను. దోషి జంతువు యజమాని ఎంతటివాడైనా సరే, జ్ఞానమ్మ కొట్టు తాళం తన చేత్తో తీసి, నలుగురిలో చేతులు కట్టుకుని క్షమాపణ చెప్పి, ఏడాదిపాటు ప్రతి ఆదివారం ఆ కొట్టు ఊడ్చి, తుక్కు ఉడకబెట్టాలి. పిచ్చేశ్వరరావు కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. నకలు జతచేశాను. పేరు ఒక్క ముక్కలో రాయండి. ఉత్తరం సభలోనే విప్పుతాను.

ఇట్లు, విజయానికి జానెడు దూరంలో,
సాంబశివరావు

తా.క.: తుక్కు విషయం కనుక్కోవాల్సిన పనే లేదు. జ్ఞానమ్మ అభిమానం కొద్దీ గొంతుగొట్టాలన్నీ నా పిల్లులకే ఇస్తుంది. పచ్చివే పెడతాను, ప్రకృతి సహజం కదా. పొట్ట నిండాక గొర్రెలు మేసే గడ్డివాములోనే పడుకుంటాయి, పాపం, అమాయక జీవాలు.

*

సాంబశివరావు గారికి,

పిల్లి.

రెబెకా

తా.క.: తీర్మానం చాలా బాగా రాశారండీ. కృపానందం గారు రెండుసార్లు చదివించుకున్నారు.

*

డాక్టరు గారికి,

సభలోనే విప్పాను. పైకి చదివాకే నాకు అర్థమైంది. ముందు పిచ్చేశ్వరరావే నోరు విప్పాడు: “నేనంటే మూఢనమ్మకం, బందరు డాక్టరమ్మంటే సైన్సా సాంబశివరావూ?”

“నువ్వు పిల్లి ఎదురొస్తే అరిష్టమన్నావు. ఇక్కడ దోషం ఎదురురావడంలో లేదు, దొడ్డికెళ్లడంలో ఉంది! సరైన మాట తప్పుడు కారణంతో అంటే అది అబద్ధమే!” అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఇంకా చాలా చెప్పేవాణ్ని.

“ఆ వాదన ఆదివారం పెట్టుకుందాం బాబుగారూ,” అంది జ్ఞానమ్మ, పిచ్చేశ్వరరావు దగ్గర తాళంచెవి తీసుకుని నా చేతిలో పెడుతూ. “ముందు తలుపు తియ్యండి. చీపురు లోపలుంది.”

తీశాను. ఊడ్చాను. ఆదివారం మొదటి కొనుగోలుదారు పిచ్చేశ్వరరావే. నేను ఊడుస్తుంటే చూడ్డానికి అరకిలో కొన్నాడు. అతని వెనక ఊరంతా బారు తీరింది. మాంసం పదిగంటలకే అయిపోయింది. ఆమె ఇంత బేరం ఎప్పుడూ చూడలేదట. ఏడాదంతా నన్నే ఊడ్చమంటోంది, శిక్షగా కాదు, వ్యాపారం కోసం.

ఉభయకుశలోపరి.
సాంబశివరావు

తా.క.: ఉడకబెట్టిన గొంతుగొట్టానికి నా పిల్లులు మూతి కూడా ఆనించలేదు. జ్ఞానమ్మ వచ్చి కాస్త ఉప్పూ పసుపూ వేసింది. గిన్నె నాకేశాయి. మొదటి సీసా విషయంలో తప్పెవరిదో ఇప్పుడు చెప్పండి.