వన్‌వేలో ఇద్దరు బావలు

నా డాక్టరమ్మకి,

నర్సు శిక్షణకి వెళ్ళినదాన్ని డాక్టరమ్మ అనకూడదని నువ్వు కసురుకున్నా సరే, నా పెళ్ళాం, నా ఇష్టం. ఇక్కడ అంతా బాగానే ఉంది, మీ అన్నయ్య మూతి తప్ప.

ఒకే బస్సులో నేను డ్రైవర్ని, ఆయన కండక్టరు. మాటల్లేవు. ఒక బెల్లు కొడితే ఆపాలి, రెండు కొడితే కదలాలి, అంతే మా సంభాషణ. ఆ బెల్లు కూడా నా నెత్తిన మొట్టినట్టే కొడుతున్నాడు. సంగతేమిటంటే, మా గొడుగు పార్టీ గెలవగానే బజారు వీధిని వన్‌వే చేసింది. ఎంత హాయిగా ఉందో! ఎదురు బండి రాదు, హారన్ల మోత లేదు. నిచ్చెన పార్టీ మీ అన్నయ్యకి మాత్రం కడుపుమంట. "బస్సు స్టాపు దూరమై ముసలాళ్ళు ఆసుపత్రి దాకా నడవలేక చస్తున్నారు, మీవాళ్ళకి కళ్ళు లేవా?" అని నిండు బస్సులో అడిగాడు. నేనూ ఊరుకోలేదు. "అదే మీవాళ్ళు చేసుంటే పూలు చల్లేవాడివి కాదూ?" అన్నాను. అప్పట్నుంచి ఇంతే.

నీతో చెప్పడానికి సిగ్గెందుకు? ఈ ఉద్యోగానికి నన్ను లాక్కొచ్చింది ఆయనే. నిన్ను నాకివ్వమని మీ నాన్నతో పోట్లాడిందీ ఆయనే. అలాంటి మనిషి నా కిటికీలోంచి టీ గ్లాసు అందించడం మానేశాడు. ఏడుపొచ్చింది. అందుకే కండక్టర్ని మార్చమని డిపోలో అర్జీ పెట్టాను. సోమవారం తేలుస్తారట. కోప్పడకు.

నీ డ్రైవరు

---

శ్రీవారికి,

కోప్పడటమా? మీ ఉత్తరం చదువుతూ నవ్వితే అన్నం పొలమారింది.

పోయిన వేసవిలో మన భోజనాల బల్ల దగ్గర ఏం జరిగిందో మరిచిపోయారా? అప్పుడు ఆ వీధిని వన్‌వే చేస్తామన్నది నిచ్చెనవాళ్ళు. "ముసలాళ్ళు ఆసుపత్రి దాకా ఎలా నడుస్తారు?" అని బల్ల గుద్దింది మీరు. "ఎదురు బండి రాదు, హాయి" అన్నది అన్నయ్య. మీ గుద్దుకి ఒలికిన కూర మరక బల్ల గుడ్డ మీద ఇంకా ఉంది, చూసుకోండి. వీధి అదే, ముసలాళ్ళూ వాళ్ళే. చేసిందెవరో తెలిశాకే అది మంచో చెడో మీ ఇద్దరికీ తెలుస్తోంది.

ఈ ముక్కలే అన్నయ్యకీ రాశాను. అర్జీ సంగతి మాత్రం రాయలేదు, చేతులు రాలేదు. మీరిద్దరూ విడిపోతే నేనెవరి వైపు రావాలండీ?

మీ డాక్టరమ్మ

---

డాక్టరమ్మా,

నీ ఉత్తరం అందిన మర్నాడు వన్‌వే మధ్యలో ఇటుకల లారీ చెడిపోయి అడ్డంగా ఆగింది. మేం వెనక్కి పోవాల్సిందే. వెనక మలుపు, పక్కన పండ్ల బండ్లు. బెల్లుతో అయ్యే పని కాదు. మీ అన్నయ్య దిగి వెనక నిలబడ్డాడు. ముందు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. తర్వాత మొదలెట్టాడు, "రా బావా, రా... ఎడమకి కొట్టు... ఇంకా రా, నేనున్నాగా!" ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో! కళ్ళు మూసుకునైనా వెనక్కి పోయేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టారు.

చివరి స్టాపులో కిటికీలోంచి టీ వచ్చింది. దాని వెనకే నువ్వు ఆయనకి రాసిన ఉత్తరం. "చూడు, మా చెల్లి నీకెలా గడ్డి పెట్టిందో!" అన్నాడు. నేను బల్ల గుద్దిన మాట కింద ఎర్రగా గీత గీశాడు. నేనూ జేబులోంచి నువ్వు నాకు రాసిన ఉత్తరం తీశాను. నేను గీసింది ఆయన మాట కింద! సొంత మాట కింద ఇద్దరిలో ఎవడూ గీయలేదు. ముందు ఆయన నవ్వాడు. నేను టీ చొక్కా మీద పోసుకున్నాను.

డిపోలో ఇచ్చిన అర్జీ వెనక్కి తీసుకుని చింపేశాను. ముసలాళ్ళ కోసం ఆసుపత్రి వాకిట్లోనే స్టాపు పెట్టమని ఇద్దరం కలిసి ఇంకో అర్జీ ఇచ్చాం.

నువ్వొచ్చే రోజు స్టేషనుకి ఇద్దరం వస్తాం. ముందు గేటు దగ్గరుందామని నేను, కాదు వెనక గేటని ఆయన. పొద్దుట్నుంచీ పోట్లాడుతున్నాం. ఏ గేటన్నది ఇంకా తేలలేదు గానీ, ఇద్దరం ఒక్క గేటు దగ్గరే ఉంటాం.

రెండు బెల్లులు కొట్టి,
నీ డ్రైవరు