అటక మీది ఉప్పు నీళ్లు

రాస్కామన్,
డిసెంబరు

పెద్దమ్మా,

మఠంలో మీరూ, తోటి సిస్టర్లూ కులాసా అని తలుస్తాను. నేను మాత్రం కొత్తగా కొన్న ఇంట్లో కోటూ టోపీ తొడుక్కుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇల్లు వెచ్చబెట్టే పైపులు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. పైపుల పనిచేసే ఫర్గల్‌ని పిలిపించాను. అతను ఆ పైపులకి నీళ్లందించే అటక మీది తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఇందులో బంగాళాదుంపలు ఉడికించుకో అమ్మాయ్, ఉప్పు సరిపోయింది. పైపుల్ని తినేసింది ఇదే. ఏ తలమాసినవాడు పోశాడు?"

పక్కింటి ఊనా సిలువ గుర్తు వేసుకుంది. "నోరు కడుక్కో! అది ఆశీర్వదించిన ఉప్పు. ఈ ఇంటి హాన్లీ ముసలమ్మ, పాపం, బతికున్నన్నాళ్లూ దయ్యాలు రాకుండా ఏటా ఈస్టరుకి పోసేది. మఠం సిస్టరే సంచీ ఇచ్చి మరీ చెప్పిందట."

"ఇప్పుడు వచ్చినా ఈ చలికి ఏ దయ్యమూ నిలవదులే," అన్నాడు ఫర్గల్.

ఏ సిస్టరని నేను అడగలేదు. తొట్టి పక్కనే సంచీ దొరికింది. దాని మీద నీలం దారంతో కుట్టిన సిలువ, మీరు నాకిచ్చిన చేతిరుమాళ్ల మీద ఉన్నట్టే ఉంది.

అమ్మకి ఇంకా తెలియదు. తెలిస్తే "ఒంటరి పిల్లకి ఇల్లెందుకని అప్పుడే అన్నానా?" అంటూ నన్ను తిరిగి తీసుకుపోతుంది. మీ మాటైతే కాదనదు. ఇది చిన్న మరమ్మతేననీ, నేను ఇక్కడే ఉండడం మంచిదనీ మీరే చెప్పాలి. పైపులు ఎందుకు పాడయ్యాయో నేను ఎవరికీ చెప్పను.

సంచీని ఉతికి ఆరేశాను. అమ్మ ఒప్పుకున్న రోజున మీకు తిరిగి ఇచ్చేస్తాను.

మీ చెల్లెలి కూతురు