ముందు చక్రాల సంగతి

నౌపడ,
ఆగస్టు 3, 2025

ప్రియమైన నాన్నకు,

మీ షాలిని వందనాలు. ఫోనులో నేనెంత అరిచినా మీకు సగమే వినపడుతుంది. ఆ సగం కూడా వదిన మళ్ళీ మీ చెవి దగ్గర అరిచి చెప్పాలి. ఇది వదిన నోటి మీదుగా మీకు చేరాల్సిన సంగతి కాదు. అందుకే కాగితం తీశాను. అమ్మ పడుకున్నప్పుడు చదువుకోండి.

ముందు తేలికైన మాట చెబుతాను. జీపుకి ఫోర్ వీల్ డ్రైవ్ తీయించేస్తున్నాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి. అమ్మకి వెన్నుపూస నలిగిందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి ఆస్పత్రికి తప్ప ఆవిడ అన్నయ్య ఇంటి గడప దాటలేదు. ఆదివారం ఆరాధనకి కూడా వెళ్ళడం లేదు. కారెక్కించబోతే "గోతిలో కూకున్నట్టుంటాది, మళ్ళీ నన్నెవుడు లేపుతాడు" అంటుంది. జీపు సీటయితే సరిగ్గా ఆవిడ నడుం ఎత్తు. ఎడం చేత్తో కమ్మీ పట్టుకుని, తనంతట తనే ఎక్కి కూర్చుంటుంది. కాని పాత కమాన్ పట్టీల మీద ఒక్క స్పీడు బ్రేకరు దాటితే చాలు, ప్రాణం పోయినంత కేక వేస్తుంది.

అరసవల్లిలో పైడిరాజు అని ఒక మెకానిక్ ఉన్నాడు. ప్రకాషూ నేనూ జీపుని అతని దగ్గరికి తీసుకెళ్ళాం. అతను బండి కిందికి దూరి, చాలాసేపు ఉండి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "సూడమ్మా, ముందున్న ఈ ఇనప ఇరుసు ఉన్నంతకాలం నువ్వేటి ఏసినా గెంతుతాది. ఇరుసు తీసీసి, ఒక్కో సక్రానికీ ఏరేగా కాయిల్ స్ప్రింగు, షాకబ్జరు పెడితే కారులాగ పోతాది. కోయంబత్తూరులో తయారుగా సెట్టు దొరుకుతాది, తెప్పిస్తాను. కానొకటి. ఇంక ఇంజను బలం ఎనక సక్రాలకే. ఇసకలోకీ బురదలోకీ దింపకూడదు" అన్నాడు.

ప్రకాష్ నా వైపు తిరిగి, "మావయ్యగారిని ఒక్కమాట అడుగుదామా?" అన్నారు. మీరు డ్రైవరుగా నడిపిన జీపుని ఆస్పత్రి వాళ్ళు వేలం వేస్తే, మీరే పట్టుబట్టి కొనుక్కున్న సంగతి ఆయనకి తెలుసు. నేను మాత్రం అక్కడికక్కడే సరే అనేశాను.

అడగకుండా ఎందుకు ఒప్పుకున్నానో చెప్పడానికే ఈ ఉత్తరం. అమ్మ వెన్ను ఒక కారణం. రెండోది, గేరు రాడ్డు పక్కన ఉండే ఆ చిన్న లివరు. ముందు చక్రాలకి బలం ఇచ్చే ఆ లివరు ఇంక నా కళ్ళకి కనబడకూడదు.

2003 జూలైలో ఆ రోజు మీరు టెక్కలి ఆస్పత్రి డాక్టరమ్మగారిని కారులో విశాఖపట్నం తీసుకెళ్ళారు. జీపు భావనపాడులో మన ఇంటి ముందే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకి అమ్మని బడి నుంచి ఇద్దరు ఆడపిల్లలు నడిపించుకొచ్చారు. మూతి ఒక పక్కకి లాగేసింది, కుడి చెయ్యి గుడ్డపేలికలా వేలాడుతోంది. వానలకి నౌపడ రోడ్డు మీద కల్వర్టు కొట్టుకుపోయి మూడు రోజులైంది, మనుషులు నడిచి దాటడమే తప్ప బండ్లు పోవడం లేదు. అమ్మని పక్క సీట్లో కూర్చోబెట్టి, చీరతో సీటుకి కట్టి, ఉప్పుటేటి ఒడ్డున ఇసకదారిలోకి జీపు దింపాను. నాకు డ్రైవింగు నేర్పింది మీరే. "ఇసకలోకి దిగకముందే సిన్న లివరు లాగాల. దిగేక లాగితే ఏటి లాభం?" అని ఎన్నిసార్లు చెప్పారో. సగం దారిలో వెనక చక్రాలు దిగిపోయాయి. నేను యాక్సిలరేటరు తొక్కుతూనే ఉన్నాను. తొక్కినకొద్దీ ఇంకా దిగాయి. అమ్మ తల నా భుజం మీదికి వాలిపోయింది. పడవల దగ్గర్నుంచి ఎర్రన్న బాబాయి వాళ్ళు పరిగెత్తుకొచ్చి, ఇసక తవ్వి, వలతాళ్ళు కట్టి లాగేసరికి రెండు గంటలు పట్టింది. టెక్కలిలో డాక్టరు అమ్మని చూసి, "ఓ రెండు గంటలు ముందొస్తే చెయ్యి దక్కేదేమో" అన్నాడు.

సాయంత్రం మీరు ఆస్పత్రి వరండాలోకి వచ్చారు. నన్నడిగిన మొదటి మాట, "సిన్న లివరు లాగేవా, అమ్మా?"

"లాగేను నాన్నా" అన్నాను.

అబద్ధం. జీపు గట్టెక్కాక నేను కిందికి చూశాను. లివరు ఎక్కడిది అక్కడే ఉంది. కంగారులో దాన్ని నేను ముట్టుకోనేలేదు. నా మాట విని మీ ముఖం నల్లబడిపోయింది. ఇంకేమీ అడగకుండా తల దించుకున్నారు. అబద్ధమని మీకు తెలిసిపోయిందని, కూతురు కదా అని ఊరుకున్నారని అనుకున్నాను. ఆ రోజు నుంచి నేను స్టీరింగు పట్టలేదు. ఉప్పు ఆఫీసులో ఉద్యోగం వచ్చాక కూడా, స్కూటీ అయినా నేర్చుకోకుండా పదిహేనేళ్ళు ఆటోలో తిరిగాను. అమ్మ ఎడం చేత్తో అన్నం కలుపుకుంటుంటే ఏదో పని ఉన్నట్టు లేచిపోతాను. మీరు చూసే ఉంటారు.

క్షమించమని అడిగే ధైర్యం కూడా లేదు. తెలియాలని రాశాను, అంతే.

మీ కూతురు
షాలిని


నౌపడ,
ఆగస్టు 14

నాన్నా,

మీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. రాకపోవడమే జవాబనుకుని పది రోజులు తిండి సయించలేదు. కాని నిన్న జరిగింది మీకు రాయకుండా ఉండలేను.

పైడిరాజు ఫోను చేసి, "ఒకపాలి ఒచ్చి సూడమ్మా, ఇది మీకు సూపించకుండా పారీలేను" అన్నాడు. ఆఫీసుకి సెలవు పెట్టి అరసవల్లి వెళ్ళాను. జీపు దిమ్మల మీద ఉంది. ముందు ఇరుసు ఊడదీసి నేల మీద పెట్టాడు. ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనప డబ్బా ఉంటుంది కదా, డిఫరెన్షియల్, దాని మూత విప్పి ఉంది.

"లోపల సూడు" అన్నాడు.

వంగి చూశాను. "ఏమీ లేదు కదా?"

"అదే సెప్తన్నాను. పెద్ద పళ్ళసక్రం ఉండాల. లేదు. సిన్నదీ లేదు. గుల్ల. ఎవుడో తీసీసి, పైన మూతెట్టీసేడు."

"తీసేస్తే ఏమవుతుంది?"

"ఏటవుతాది? సిన్న లివరు లాగినా ఒకటే, లాక్కపోయినా ఒకటే. ముందు సక్రాలకి బలం ఎల్లే దారే లేదు. పేరుకే ఫోర్ వీలు."

ఎప్పుడు తీసి ఉంటారని అడిగాను. అతను మూత పక్కన పెట్టిన అట్టముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. నూనె కారకుండా మూత కింద వేసిన అట్ట. దాని మీద ఆస్పత్రి కేలండరు అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. మే, 2003. బోల్టుల కోసం చుట్టూ కోసిన రంధ్రాలు చూశాను. అంత గుండ్రంగా కత్తెరతో కోసేది మీరొక్కరే.

నాన్నా, అది జూలైకి ముందా, తర్వాతా? ఒక్క ముక్క రాయండి. ఏదైనా సరే, మీ మీద నాకు కోపం రాదు. అక్కడే స్టూలు మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. పాపం పైడిరాజు కంగారుపడి టీ తెప్పించి, "ఊరుకోమ్మా, తీసీడానికే కదా ఒచ్చేవు, ముందే తీసున్నాది. పని తగ్గింది" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను.

షాలిని


విజయనగరం,
ఆగస్టు 22

నా తల్లి షాలినికి,

నాన్న ఆదాము దీవించి రాయునది. నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది నాలుగుసార్లు చదివాను. నువ్వు లివరు లాగలేదని తెలిసిన క్షణంలో నాకు కోపం రాలేదు, ఊపిరి వచ్చింది. కూతురు అంత బాధ రాస్తే తండ్రికి ఊపిరి రావడమేమిటని సిగ్గుపడి జవాబు రాయలేకపోయాను. ఇప్పుడు అడిగావు కాబట్టి దాచను.

జూలైకి ముందే. జూన్ నెలలో ముందు ఇరుసులో చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే పళ్ళచక్రానికి మూడు పళ్ళు విరిగిపోయి ఉన్నాయి. అలాగే ఉంచితే చక్రాలు బిగుసుకుపోతాయని లోపలి సామానంతా తీసి, కేలండరు అట్ట కోసి, మూత పెట్టాను. కొత్తది దొరికాక బిగిద్దామనుకున్నాను. నీతో చెప్పాల్సింది. మీ అమ్మతో చెప్పాల్సింది. కాని ఊళ్ళో నన్ను అందరూ ఫోర్ వీల్ ఆదాము అని పిలిచేవారు. ఎవరి బండి దిగబడినా నన్నే పిలిచేవారు. ఆ పేరు ఒక్క నెల కూడా వదులుకోలేక ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు విశాఖపట్నంలో కొత్త పళ్ళచక్రం దొరికింది తల్లీ. ఆస్పత్రి వరండాలో నిన్ను లివరు లాగావా అని అడిగినప్పుడు అది నా చేతిసంచిలోనే ఉంది. లాగలేదు అంటావేమో, అప్పుడు నా తప్పు కొంచెం తగ్గుతుందేమో అని అడిగాను. అటువంటి మనిషిని నేను. నువ్వు లాగేను అన్నావు. నేను నేర్పినట్టే పిల్ల చేసింది, నన్ను నమ్మి ఉత్త లివరు లాగింది అనుకున్నాను. నీ ముఖం చూడలేక తల దించుకున్నాను. దాన్ని నువ్వు వేరే విధంగా అర్థం చేసుకున్నావు. మూడో రోజు ఆ పళ్ళచక్రాన్ని ఉప్పుటేట్లో పారేశాను. మళ్ళీ ఆ మూత విప్పలేదు.

నువ్వు ఆ వేళ లివరు లాగి ఉన్నా బండి అంగుళం కదిలేది కాదు. ఇది బాగా మనసులో పెట్టుకో. నీ తప్పు ఇందులో ఏమీ లేదు. అబద్ధమాడినందుకు దేవుడు నిన్ను ఎప్పుడో క్షమించి ఉంటాడు, నన్ను నువ్వు క్షమించు.

ఇరుసు తీసెయ్యనీ. నాకు బాధ లేదు, సంతోషమే. పైడిరాజుతో రెండు మాటలు చెప్పు. పాత బ్రేకు గొట్టాలు ఉంచవద్దు, కొత్తవి వెయ్యమను. మార్పు చేసినట్టు ఆర్టీఓ ఆఫీసులో కాగితం అయ్యేవరకు రోడ్డెక్కించవద్దు. ఇవేవీ మీ అమ్మకి చెప్పవద్దు. ఈ వయసులో ఆమెకి కొత్త బాధ ఎందుకు.

నీ తండ్రి
ఆదాము


అదే కవరులో
ఆగస్టు 23

షాలినీ,

అమ్మని. ఎడం చేతి రాత, ఓపిగ్గా చదువుకో.

మీ నాన్న ఏది దాచాలన్నా బైబిలు కిందే దాస్తారు. ఆ బైబిలు రోజూ పొద్దున తీసేది నేను. నీ ఉత్తరాలు రెండూ, ఆయన రాసి అంటించకుండా ఉంచినదీ, అన్నీ చదివాను. తప్పే. కాని చదవకపోతే మీ ఇద్దరూ ఇలాగే సమాధుల దాకా వెళ్ళేవాళ్ళు.

ఇప్పుడు నా సంగతి విను. ఆ రోజు నాకు జబ్బు మధ్యాహ్నం రాలేదు. పొద్దున మొదటి పీరియడులోనే సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ తీస్తే మళ్ళీ జారింది. వేళ్ళలో చీమలు పాకుతున్నట్టు ఉంది. రెండో పీరియడుకి బోర్డు మీద ఎడం చేత్తో రాశాను. ఆయా లక్ష్మణమ్మ చూసి, "టీచరమ్మా, మూతి ఒంకరగా ఉన్నాదేటి? ఇంటికెల్లిపో" అంది. "నీ పని నువ్వు సూసుకోయే" అని కసిరాను. ఆ రోజు ఇన్‌స్పెక్టరు వస్తాడని కబురు. నా తరగతి పిల్లలు ఎక్కాలు అప్పజెప్పేదాకా కదలకూడదనుకున్నాను. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. నాలుగు గంటలు. మీరిద్దరూ ఇరవై రెండేళ్ళు కుమిలింది రెండు గంటలకి.

ఇన్‌స్పెక్టరు రానేలేదు.

మొదటి ఏడాదే చెబుదామనుకున్నాను. నా చేతి మాట ఎత్తగానే నువ్వు లేచిపోయేదానివి, మీ నాన్న చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవారు. నా తెలివితక్కువతనం తలుచుకుని ఇద్దరూ విసుక్కుంటున్నారనుకున్నాను. నాకూ సిగ్గేసి ఊరుకున్నాను.

పై ముక్క వరకు రాసి కాగితం మీ నాన్న చేతికిచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"ఇనస్పెట్టరు కోసమా?" అన్నారు.

"అవును."

"ఆడు రాలేదా?"

"రాలేదు" అని గట్టిగా అరిచాను.

ఆయన నా కుడి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఇన్నేళ్ళలో ఆ చేతిని ఆయన ముట్టుకోవడం ఇదే మొదలు. ఆ చేతికి ఏమీ తెలియదు, నాకు తెలిసింది. కాసేపటికి ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే వెన్ను పోటు పెట్టింది, అయినా ఆపుకోలేకపోయాం. కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి "ఏటైంది అత్తయ్యా?" అంటే "ఇన్‌స్పెక్టరు రాలేదమ్మా" అన్నాను.

నా చెయ్యి పోయి నాకు చాలా కాలమైంది. ఎడం చేత్తో పిల్లలకి పదేళ్ళు చదువు చెప్పాను, నీ పెళ్ళికి గుత్తొంకాయ వండాను. మీరిద్దరూ ఇంక దాన్ని మోయకండి.

జీపు పని అయిపోగానే వచ్చి నన్ను తీసుకెళ్ళు. ప్రకాష్ పక్కన కూర్చుంటాడు, నువ్వు నడుపు. అరసవల్లి నుంచి ఇక్కడికి రావడంలో చెయ్యి తిరుగుతుంది. నాకు భావనపాడు సముద్రం చూడాలని ఉంది. ఇసకలోకి దింపకూడదన్నాడట కదా, దింపొద్దు. తారు రోడ్డు ఎక్కడ అయిపోతే అక్కడ ఆపు. అక్కణ్ణించి నీళ్ళ దాకా నేను నడుస్తాను.

మీ అమ్మ
దేవమణి